మతం, సంప్రదాయం, ఆచారం, ధర్మం – ఒక పదవిచారణ



గత జ్యేష్ఠమాసంలో, పాఠశాలలు తెరిచిన వారంలో, మా మనుమరాలు రెండు కాగితాలు పట్టుకొని నా వద్దకు వచ్చింది. మొదటిది పాఠశాలకు నింపి ఇవ్వవలసిన పత్రం. అందులో 'మతం' అనే గడి ఉంది. రెండవది సామాన్యశాస్త్ర పాఠం. దాని తలకట్టులో 'లోహాల ధర్మాలు' అని ఉంది. "తాతయ్యా, మతం అన్నా ధర్మం అన్నా ఒకటేనా?" అని అడిగింది. సంధ్యావందనానికి వేళ మించిపోతున్నదనే తొందరలో "ఒకటేనమ్మా" అన్నాను. ఆ పిల్ల కొంచెం ఆలోచించి, "అయితే ఇనుముది ఏ మతం?" అన్నది.

ఇంట్లో అందరూ నవ్వారు. ఉక్కు కర్మాగారంలో పనిచేసే మా అబ్బాయి మరీ నవ్వాడు. నేనూ నవ్వాను గాని, ఆ రాత్రి చాలసేపు నిద్ర పట్టలేదు. ముప్పయి నాలుగేండ్లు పిల్లలకు తెలుగు చెప్పినవాణ్ణి. రెండు వేర్వేరు మాటలను ఒకటేనని చెప్పి పంపివేశాను. పైగా ఈ మాటల మధ్య తేడా తెలియక, అవి తెలుసునన్న భ్రమలో, నా జీవితంలో ఒకసారి చేయకూడని పొరపాటు చేశాను. దానిని ఈ వ్యాసంలో దాచకుండా చెబుతాను. ముందుగా మాటలను ఒక్కొక్కటిగా విచారిద్దాం.

మతం – తలచినది

సంస్కృతంలో 'మన్' అనే ధాతువుకు తలచుట, ఆలోచించుట అని అర్థం. మనస్సు, మననం, మంత్రం, మతి అన్నీ దాని సంతానమే. 'మతం' అంటే తలచబడినది, అనగా అభిప్రాయం. శాస్త్రగ్రంథాలలో ఫలానా ఆచార్యుని మతం ఇది, ఫలానా వారి మతం అది అని వ్రాస్తారు. అక్కడ మతం అంటే ఆయన పూజించే దైవం కాదు, ఆ విషయంలో ఆయనకు గల అభిప్రాయం.

ఈ పాత అర్థం మన నిత్యవ్యవహారంలో నేటికీ సజీవంగా ఉంది. పెండ్లి సంబంధానికి అమ్మాయి 'సమ్మతి' అడుగుతాం. కార్యాలయంలో 'అనుమతి' కోరుతాం. పెద్దల 'అభిమతం' తెలుసుకొంటాం. పోటీలో గెలిచిన పిల్లవానికి 'బహుమతి' ఇస్తాం. బహుమతి అంటే అసలు వస్తువు కాదు, ఎక్కువగా తలచుట, గౌరవించుట. ఆ గౌరవానికి గుర్తుగా ఇచ్చే వస్తువుకు ఆ పేరు వచ్చింది.

భగవంతుని గురించి, జీవుని గురించి, లోకం గురించి ఒక ఆచార్యుడు తలచినదానిని పదిమంది అంగీకరిస్తే, అది వారందరి మతం అయింది. క్రమంగా ఆ మాట ఒక సమూహానికి పేరైంది. పిమ్మట జనాభా లెక్కల పత్రాలలోను, బడి పత్రాలలోను ఒక గడిగా నిలిచింది. ఇందులో తప్పు లేదు, మాటల అర్థాలు మారుతూనే ఉంటాయి. కాని మూలార్థం గుర్తున్నవానికి ఒక మేలు కలుగుతుంది. ఎదుటివాని మతం అతడు తలచినది, నా మతం నేను తలచినది. తలపులు వేరైనంతమాత్రాన పగ పుట్టవలసిన పని లేదని ఆ మాటే చెబుతున్నది.

పాషండం – దిగజారిన మాట

మతం అనే మాట పెరిగి పెద్దదైతే, అదే కోవకు చెందిన మరొక మాట దిగజారిపోయింది. అది 'పాషండం'. నేడు ఎవరినైనా పాషండుడు అంటే తిట్టినట్లే. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుని శిలాశాసనాలు ఉన్నాయి. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దికి చెందిన ఆ శాసనాలలో ఈ మాట నిందార్థంలో లేదు. వేర్వేరు మార్గాలను అనుసరించే వారి సమూహాలన్నింటికీ చక్రవర్తి వాడిన సాధారణనామం అది. తన మార్గాన్ని పొగడుకొనేటప్పుడు, ఇతరుల మార్గాన్ని గురించి పలికేటప్పుడు నోటిని అదుపులో ఉంచుకోవాలన్నది ఆ శాసనాలలో పన్నెండవ దాని సారాంశం. తన మార్గంపై అభిమానంతో పరుల మార్గాన్ని కించపరిచేవాడు తన మార్గానికే కీడు చేస్తున్నాడని కూడా అందులో ఉన్నది.

ఈ మాట చరిత్ర చూస్తే నాకు భయం కలుగుతుంది. మాట తనంత తాను చెడిపోదు. పలికేవారు చెడ్డగా పలికితే చెడిపోతుంది. ఒక కాలంలో 'వారి మార్గం' అని చెప్పిన మాట మరొక కాలానికి 'వారు వంచకులు' అని చెప్పసాగింది. మతం అనే మాటకు ఆ గతి పట్టకుండా చూడటం మన నోటిలోనే ఉంది.

దర్శనం, సిద్ధాంతం – చూచినది, తేల్చినది

కొండ మీద క్యూలో నిలిచి మనం కోరేది దర్శనం. న్యాయ, వైశేషిక, సాంఖ్య, యోగ, మీమాంస, వేదాంతాలను కూడా మన పెద్దలు షడ్దర్శనాలనే అన్నారు. దర్శనం అంటే చూచుట. తత్త్వం ఒక్కటే అయినా, చూచే చోటును బట్టి కనిపించే రూపం మారుతుందనే వినయం ఆ పేరులో ఉంది. సింహాద్రినాథుడు ఏడాది పొడవునా చందనపు పూతలోనే దర్శనమిస్తాడు. అక్షయతృతీయనాడు మాత్రమే నిజరూపం కనిపిస్తుంది. ఆ దినం తప్ప తక్కిన దినాలలో మనం చూచినది స్వామిని కాదని ఎవ్వరూ అనరు. చందనంలో చూచినవాడూ స్వామినే చూచాడు.

చూచినదానిని తర్కంతో నిలబెట్టితే అది సిద్ధాంతం. 'సిద్ధ' అంటే నెరవేరినది, 'అంత' అంటే కొస. వాదం ముగిసిన తరువాత తేలినది అని భావం. మన శాస్త్రపద్ధతిలో సిద్ధాంతానికి ముందు పూర్వపక్షం తప్పనిసరి. తాను ఖండించబోయే వాదాన్ని, ఆ వాదం గలవాడు కూడా మెచ్చుకొనేటంత నిజాయితీగా ముందు చెప్పాలి. ఆ తరువాతనే తన మాట చెప్పాలి. ఎదుటివాడు చెప్పేది పూర్తిగా వినకుండా చెప్పినది సిద్ధాంతం కాజాలదు.

సంస్కృతంలో 'రాద్ధాంతం' అన్నా సిద్ధాంతమనే అర్థం. నిర్ణయించబడిన విషయం అని. తెలుగులో మాత్రం "ఎందుకీ రాద్ధాంతం?" అంటే, పనికిమాలిన గొడవ ఎందుకని. పండితులు పట్టుదలతో చేసిన వాదాలు వినీ వినీ విసిగిన తెలుగువారు ఆ మాటకు ఈ అర్థం ఇచ్చి ఉంటారని నా ఊహ. పూర్వపక్షం వినని సిద్ధాంతం రాద్ధాంతంగా మిగులుతుందని పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు నేను అనేవాణ్ణి.

సింహాచలంలో ఇందుకు మంచి నిదర్శనం ఉంది. అక్కడి పూజావిధానం పాంచరాత్ర ఆగమాన్ని అనుసరిస్తుంది. విశిష్టాద్వైత ప్రవర్తకులైన భగవద్రామానుజులు దానిని ఏర్పరచినట్లు పెద్దలు చెబుతారు. అదే క్షేత్రంలో ద్వైతమతాచార్యులైన మధ్వాచార్యుల శిష్యులు నరహరితీర్థుల శాసనాలు కూడా ఉన్నాయి. 13వ శతాబ్దిలో కళింగదేశంలో గొప్ప పలుకుబడి గల యతి ఆయన. శ్రీకూర్మంలోను ఆయన శాసనాలు కనబడతాయి. జీవేశ్వరుల సంబంధం విషయంలో ఈ రెండు సిద్ధాంతాలకు పొత్తు కుదరదు. అయినా స్వామి ప్రాకారంలో రెండింటికీ చోటు ఉన్నది.

సంప్రదాయం – అందించినది

ఈ మాటను దాతలు ప్రత్యేకంగా గమనించాలి. 'దా' అనే ధాతువుకు ఇచ్చుట అని అర్థం. దానం, ప్రదానం, దాత అన్నీ దాని నుండి వచ్చినవే. 'సమ్', 'ప్ర' అనే ఉపసర్గలు చేరి 'సంప్రదాయం' అయింది. చక్కగా చేతికి అందించుట అని భావం. గురువు శిష్యునికి, తల్లి కూతురికి, అర్చకుడు తన కుమారునికి అందించినది సంప్రదాయం. అనగా సంప్రదాయం కూడా ఒక దానమే. తన వద్దనే అట్టిపెట్టుకొన్నవానికి సంప్రదాయం ఉండదు. అది పుచ్చుకొన్నవానికి మరొకరికి అందించవలసిన బాధ్యత ఉంటుంది.

'ఆగమం' అనే మాట దీనికి జోడు. 'వచ్చినది' అని దాని అర్థం. ఇచ్చేవారి వైపు నుండి చూస్తే సంప్రదాయం, పుచ్చుకొన్నవారి వైపు నుండి చూస్తే ఆగమం.

అందించినది ఒక్కొక్క చోట ఒక్కొక్క తీరుగా ఉంటుంది. సింహగిరిపై ఆగమోక్తంగా అర్చకస్వాములే మూలవరులకు ఉపచారాలు చేస్తారు. అదే నగరంలో, పాత పట్టణంలోని బురుజుపేటలో, శ్రీ కనకమహాలక్ష్మి అమ్మవారు పైకప్పు లేని చోట, ఆకాశం కింద కొలువై ఉంది. అక్కడ భక్తులు తామే అమ్మవారిని తాకి, పసుపు కుంకుమలు సమర్పించి పూజించుకొంటారు. మార్గశిర గురువారాలలో రేవులో మూటలు మోసే కూలీ భార్య, ఓడల కంపెనీ యజమాని భార్య ఒకే వరుసలో నిలుస్తారు. సింహాచలంలో తాకకపోవడం సంప్రదాయం, బురుజుపేటలో తాకడం సంప్రదాయం. రెండూ పెద్దలు అందించినవే. ఒకదానిని కొలబద్దగా పట్టుకొని రెండవదానిని కొలవరాదు.

ఆచారం, నియమం – నడిచినది, అదుపులో ఉంచినది

'చర్' అంటే నడుచుట. నడవడిలోనికి వచ్చినది ఆచారం. తాను నడిచి చూపినవాడు ఆచార్యుడు. అదే ధాతువు నుండి 'విచారం' కూడా వచ్చింది. తెలుగులో విచారం అంటే దుఃఖమని స్థిరపడింది గాని, అసలు అర్థం ఆలోచించి చూచుట. 'విచారణ' అనే మాటలో ఆ అర్థం మిగిలి ఉంది. ఆచారానికి విచారం తోబుట్టువు. ఒకే తల్లి బిడ్డలైన ఈ రెండింటినీ విడదీయరాదు.

'యమ్' అంటే అదుపు చేయుట. సంయమం, నియంత్రణ, నియమం అందులో పుట్టాయి. నోము నోచినా, దీక్ష పట్టినా, ఏకాదశినాడు అన్నం మానినా అది నియమమే. మన రేవులో ప్రతి సంవత్సరం ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినాలు మరపడవలు వేటకు వెళ్ళవు. అది చేపలు గుడ్లు పెట్టే కాలం. వేట మానడం దానంతట అది ఫలం కాదు, సముద్రంలో చేప పెరగడం ఫలం. ప్రతి నియమం వెనుక ఇలా ఒక ప్రయోజనం ఉంటుంది. ఆ ప్రయోజనాన్ని మరచి నియమాన్ని మాత్రమే పట్టుకొంటే ఏమవుతుందో నాకు అనుభవం.

ఇరవై ఏండ్ల క్రితం మాట. ఆషాఢ పౌర్ణమికి సింహగిరి ప్రదక్షిణకు నేను, నా భార్య బయలుదేరాం. కొండ దిగువన తొలిపావంచా వద్ద కొబ్బరికాయ కొట్టి నడక ప్రారంభించి, అడివివరం, హనుమంతవాక, అప్పుఘర్, సీతమ్మధార, కంచరపాలెం, గోపాలపట్నం మీదుగా తిరిగి అక్కడికే చేరే 32 కిలోమీటర్ల దారి అది. ఆ ఏడు నేనొక నియమం పెట్టుకొన్నాను. తిరిగి తొలిపావంచా చేరేవరకు మౌనంగా ఉండాలి, ఎక్కడా కూర్చోకూడదు, ఎవరి కోసమూ ఆగకూడదు. స్వామి ముందు సంకల్పం చెప్పుకొని మరీ నడక మొదలుపెట్టాను.

కంచరపాలెం దాటిన తరువాత, తెల్లవారుజామున, మా ముందు నడుస్తున్న ఒక ముసలమ్మ రోడ్డు పక్కన కూలబడిపోయింది. కాళ్ళకు చెప్పులు లేవు, పాదాలు బొబ్బలెక్కి ఉన్నాయి. తనవారు ముందుకు సాగిపోయినట్లున్నారు. ఆమె చేయి చాచింది. ఎవరికోసమో నాకు తెలియదు గాని, దగ్గరలో ఉన్నది మేమే. నా కాలు ఒక్క క్షణం తడబడింది. నియమం గుర్తుకు వచ్చింది. వెనుక వస్తున్న వేలమందిలో ఎవరో ఒకరు చూస్తారులే అనుకొన్నాను. ఆగకుండా నడిచాను.

నా భార్య ఆగింది. ఆమె ఆగిన సంగతి చాలా దూరం వెళ్ళిన తరువాత గాని నేను గమనించలేదు. అప్పుడూ వెనుదిరగలేదు.

నేను తొలిపావంచా చేరి, కొబ్బరికాయ కొట్టి, నియమం నెరవేరిందన్న తృప్తితో ఇంటికి వచ్చాను. ఆమె మధ్యాహ్నం పన్నెండు దాటిన తరువాత వచ్చింది. ప్రదక్షిణ పూర్తి చేయలేదు. "ఆవిడ మనుమడు వెదుక్కుంటూ వచ్చేసరికి పొద్దెక్కిందండీ. అంతవరకు పక్కనే కూర్చొన్నాను. కొంచెం మజ్జిగ తాగాక లేచింది పాపం" అన్నది. తరువాత, "మీరు ఏమైనా తిన్నారా?" అని అడిగింది. అంతే. ఒక్క మాట నిష్ఠూరమాడలేదు. ఆడి ఉంటే నేనేదో సమాధానం చెప్పేవాణ్ణి. నా వద్ద శాస్త్రప్రమాణాలకు కొదువ లేదు. ఆమె ఏమీ అనకపోవడం వలన నేను నాకే సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. నేటికీ చెప్పుకోలేకపోతున్నాను.

నియమం నిలిచింది, ఆచారం తప్పలేదు, సంకల్పం నెరవేరింది. అయినా ఏదో జారిపోయింది. ఆ జారిపోయినదానికే ధర్మమని పేరు.

ధర్మం – నిలబెట్టునది

'ధృ' అంటే ధరించుట, మోయుట, పడిపోకుండా పట్టి ఉంచుట. ధరణి మనలను మోస్తున్నది. ఆధారం ఇంటిని నిలుపుతున్నది. అట్లే దేనివలన ఒక వస్తువు ఆ వస్తువుగా నిలిచి ఉన్నదో అది దాని ధర్మం. కాల్చడం అగ్నికి ధర్మం, పల్లానికి పారడం నీటికి ధర్మం. మనుమరాలి పుస్తకంలోని లోహాల ధర్మాలు ఈ అర్థంలోనివే.

మా అబ్బాయి పనిచేసే కర్మాగారంలో మూడు బ్లాస్టు ఫర్నేసులు ఉన్నాయి. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని వాటి పేర్లు. వాటిలో కరిగి వచ్చిన ఇనుములో నూటికి సుమారు నాలుగు పాళ్ళు కర్బనం ఉంటుంది. అది గట్టిగా కనిపిస్తుంది గాని సమ్మెటదెబ్బకు పగిలిపోతుంది. ఆ కర్బనంలో చాలాభాగాన్ని కాల్చివేస్తే ఉక్కు అవుతుంది. అప్పుడు వంగుతుంది, సాగుతుంది, వంతెనలను మోస్తుంది. ఆ రాత్రి గట్టిదనంలో నేను మొదటి తరగతి ఇనుమును. నా భార్య వంగింది కనుక ఒకరిని మోయగలిగింది.

ధర్మం అనే మాటను మన తెలుగువారు ఎక్కడెక్కడ తగిలించారో చూడండి. దారిన పోయేవారు దిగే ఇల్లు ధర్మసత్రం. మా నగరంలో టర్నరు సత్రం పాతతరం వారందరికీ తెలుసు. డబ్బు పుచ్చుకోకుండా వైద్యం చేసేది ధర్మాసుపత్రి. 1923లో తెరిచిన కింగ్ జార్జి ఆసుపత్రిని మా అమ్మ కాలం వారు పెద్దాసుపత్రి అనీ, ధర్మాసుపత్రి అనీ అనేవారు. టిక్కెట్టు లేని దర్శనం ధర్మదర్శనం. ఆలయ ఆస్తులను తనవి కావని తెలిసి కాపాడేవాడు ధర్మకర్త. రేవు దారిలో లారీలను తూచే కాటాను లారీలవాళ్ళు ధర్మకాంటా అంటారు. హిందీ నుండి వచ్చిన మాటే అయినా ఎంత తగిన పేరు! అమ్మేవానిది, కొనేవానిది కాక, ఇద్దరికీ ఒకే బరువు చూపేది ధర్మకాంటా.

ఈ మాటలన్నింటిలో ఒక సామాన్యలక్షణం ఉంది. వీటిలో ఏదీ వచ్చినవాడు ఎవరని అడగదు. సత్రం బాటసారినే చూస్తుంది. ఆసుపత్రి రోగాన్నే చూస్తుంది. కాటా బరువునే చూస్తుంది. మతం, సిద్ధాంతం, సంప్రదాయం, ఆచారం అనే మాటలకు 'నాది', 'మాది' అని ముందు చేర్చవచ్చు. ఎదుటివాడు ఎవరైనా సరే పడిపోకుండా పట్టుకొనేది ధర్మం.

ఈ మాటను పరభాషలలోనికి తేవడం ఆనాడే కష్టమైంది. ఆఫ్ఘనిస్తాన్‌లోని కాందహార్ వద్ద 1958లో అశోకుని శాసనం ఒకటి వెలుగులోకి వచ్చింది. అది గ్రీకులోను, అరమాయిక్ భాషలోను ఉంది. ధర్మం అనే మాటకు గ్రీకులో దైవభక్తి అనే అర్థం గల 'యూసెబియా' అనే మాటను, అరమాయిక్‌లో సత్యం అనే అర్థం గల మాటను పెట్టారు. భక్తి ఒక వైపు, సత్యం మరొక వైపు. రెండూ ధర్మంలో ఉన్నాయి గాని, ఏ ఒక్కటీ పూర్తిగా ధర్మం కాదు. మా భీమిలి దారిలో తొట్లకొండ, బావికొండలపై ఒకప్పుడు నివసించిన బౌద్ధభిక్షువులు కూడా తాము అనుసరించినదానిని ధర్మమనే పిలిచారు. అనకాపల్లి చెంత శంకరం అనే గ్రామనామంలో వారి సంఘారామం నేటికీ వినిపిస్తుంది. వారి మార్గం వేరైనా, ధర్మం అనే మాటను వారూ మనమూ కలిసి మోశాం.

దాతలకు ఒక మనవి

మనం 'దానధర్మాలు' అని జంటగా పలుకుతాం. ఆ రెండూ ఒకటి కావు. ఎదుట ఉన్న ఒక వ్యక్తికి ఇచ్చి, అతడు పుచ్చుకొంటే అది దానం. చెరువు, బావి, తోట, సత్రం వంటివి లోకానికంతటికీ విడిచిపెడితే దానిని ధర్మశాస్త్రాలు ఉత్సర్గమన్నాయి. దానంలో పుచ్చుకొనేవాని ముఖం మనకు తెలుస్తుంది. ఉత్సర్గంలో తెలియదు.

సింహాచల ఆలయంలో వందలాది శాసనాలు ఉన్నాయి. వాటిలో పాతది క్రీ.శ. 1098–99 నాటిది. శ్రీకృష్ణదేవరాయలు 1516లోను, 1519లోను ఈ క్షేత్రాన్ని దర్శించి సమర్పించిన కానుకల వివరాలూ శాసనాలలో ఉన్నాయి. మన ప్రాంతపు ఆలయశాసనాలలో రాజులతో పాటు సామాన్యులూ కనిపిస్తారు. అఖండదీపానికి నేయి నిమిత్తం ఆవులను, నైవేద్యానికి భూమిని ఇచ్చినవారు ఎందరో. తాము ఇచ్చినదానిని వారు ధర్మమని వ్రాయించుకొన్నారు. సూర్యచంద్రులు ఉన్నంతకాలం అది నిలవాలని కోరారు. ఆ దీపపు వెలుగులో తరువాత ఎవరు స్వామిని చూస్తారో వారికి తెలియదు. తెలియకపోయినా ఇచ్చారు. మీరు అన్నప్రసాదానికి ఇచ్చిన రూకతో ఏ ఊరి వాడు, ఏ ఇంటి వాడు కడుపు నింపుకొన్నాడో మీకు తెలియదు. అందుకే అది దానంతో ఆగక ధర్మం అవుతున్నది.

స్మరణకు

పాఠం చెప్పేవాణ్ణి కనుక, చివరలో సంగ్రహంగా చెప్పే అలవాటు పోలేదు. ఒక్కొక్క మాటను ఒక్కొక్క ప్రశ్నగా గుర్తుంచుకొంటే సులభం.

మతం – నేను ఏమి తలుస్తున్నాను?
దర్శనం – ఎక్కడ నిలిచి చూస్తున్నాను?
సిద్ధాంతం – ఎదుటివాని మాట విన్న పిమ్మట ఏమి తేల్చుకొన్నాను?
సంప్రదాయం – ఎవరి నుండి పుచ్చుకొన్నాను, ఎవరికి అందిస్తున్నాను?
ఆచారం – ఎలా నడుస్తున్నాను?
నియమం – దేనిని, ఏ ప్రయోజనం కోసం అదుపులో ఉంచుకొన్నాను?
ధర్మం – నా వలన ఎవరు నిలబడుతున్నారు?

మొదటి ఆరు ప్రశ్నలకు జవాబులు ఇల్లు మారితే మారుతాయి, ఊరు మారితే మారుతాయి. మారినందువలన బాధ లేదు. చివరి ప్రశ్నకు జవాబు లేకపోతే మాత్రం తక్కిన ఆరింటి జవాబులు ఎంత సరిగా ఉన్నా లోటు తీరదు. ఆచారం వద్దని నేను చెప్పడం లేదు. నేటికీ ఏకాదశినాడు అన్నం ముట్టను. ఆచారం ధర్మానికి వేసిన దారి అనీ, దారిలో ఒకరు పడి ఉంటే ఆగడం దారి తప్పడం కాదనీ మాత్రమే చెబుతున్నాను.

విశాఖ రేవులోనికి ఓడలు వచ్చే కాలువ పక్కన మూడు కొండలు ఉన్నాయి. ఒకదానిపై వేంకటేశ్వరస్వామి ఆలయం, ఒకదానిపై ఇసాక్ మదీనా దర్గా, ఒకదానిపై మేరీమాత చర్చి. మతాలు మూడు. సముద్రంపై వెళ్ళేవాడు క్షేమంగా ఒడ్డుకు చేరాలన్న కోరిక మూడు చోట్లా ఒకటే.

మరునాడు మనుమరాలిని పిలిచి, "నిన్న తొందరలో తప్పు చెప్పానమ్మా, రెండూ ఒకటి కావు" అన్నాను. పత్రంలోని గడిలో మన ఇంటి మతం వ్రాయించాను. ఇనుముకు మతం లేదని, ధర్మం మాత్రం ఉందని, మనుషులకు రెండూ ఉంటాయని చెప్పాను. "రెండూ ఉంటే ఏది ముందు తాతయ్యా?" అని అడిగింది. ఆ కంచరపాలెం కథ చెప్పాను. ఇంతవరకు మా ఇంట్లో పిల్లలెవరికీ చెప్పలేదు. అంతా విని, "ఆ ముసలమ్మ మళ్ళీ కనబడిందా?" అన్నది. కనబడలేదు. ఆమె పేరు కూడా నాకు తెలియదు. మరుసటి సంవత్సరం నుండి ఆషాఢ పౌర్ణమి రాత్రి నేను ప్రదక్షిణ చేయడం లేదు. కంచరపాలెం దారిలో మజ్జిగ కుండలు పెట్టుకొని, నా భార్యతో కలిసి తెల్లవారే వరకు కూర్చొంటాను. ఈ ఏడు మనుమరాలు కూడా వస్తానన్నది. గ్లాసులు కడిగే పని తనదేనని ముందుగానే చెప్పింది.

స్వస్తి.